తూలుతూ, జారుతూ కొట్టుకునే జెల్లీ బొమ్మలు.. రీల్స్‌లో కనిపించే ఆ కుస్తీ గేమ్ ఏంటి? ‘గ్యాంగ్ బీస్ట్స్’ వెనకున్న అసలు లెక్క ఇదీ!

గులాబీ రంగు బొమ్మ ఒకటి కదులుతున్న లారీ టాపు మీద నిలబడి, పక్కనున్న ఆకుపచ్చ బొమ్మ మెడ పట్టుకుంటుంది. ఆకుపచ్చది ఊరుకుంటుందా? దాని కాలు పట్టుకుంటుంది. రెండూ కలిసి తూలి, ఒకదాని మీద ఒకటి పడి, చివరికి జాయింటుగా రోడ్డు మీద పడిపోతాయి. వెనక నలుగురు పగలబడి నవ్వుతున్న సౌండ్. రీల్స్, షార్ట్స్ చూసేవాళ్లకి ఈ సీన్ కొత్తేం కాదు. కానీ ఆ గేమ్ పేరేంటి, ఆ బొమ్మలు సరిగ్గా నడవలేనట్టు ఎందుకు తూలుతున్నాయి, అసలు దీన్ని మన ఇంట్లో, మన ఫోన్‌లో ఆడొచ్చా అన్నది చాలామందికి తెలీదు.

ఆ గేమ్ పేరు ‘గ్యాంగ్ బీస్ట్స్’. చూడ్డానికి పిచ్చి గేమ్‌లా ఉంటుంది కానీ దీని వెనక ఉన్న ఫిజిక్స్ మాత్రం సీరియస్. అలాగే ఒకే గదిలో, ఒకే టీవీ ముందు కూర్చుని ఆడే గేమ్‌లు ఎందుకు తగ్గిపోయాయో అర్థం కావాలన్నా ఇది మంచి ఉదాహరణ. ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలేంటీ గ్యాంగ్ బీస్ట్స్?

సింపుల్‌గా చెప్పాలంటే ఇది కుస్తీ. ‘బీఫ్ సిటీ’ అనే ఊహాజనిత నగరంలో ప్రమాదకరమైన చోట్ల బొమ్మలు కొట్టుకుంటాయి. కదిలే లారీల మీద, తిరిగే జెయింట్ వీల్ మీద, రైలు దూసుకొచ్చే సబ్‌వే ప్లాట్‌ఫామ్ మీద, మంటల గుంత పక్కన, ఎత్తైన బిల్డింగుల అద్దాలు తుడవడానికి వేలాడదీసే ఉయ్యాల లాంటి పలక మీద.. ఇలా రకరకాల స్టేజీలు ఉంటాయి.

మామూలు ఫైటింగ్ గేమ్‌లలో పైన ఒక గీత కనిపిస్తుంది. దెబ్బ పడే కొద్దీ అది తగ్గుతుంది, అయిపోతే ఓడిపోయినట్టు. ఇందులో ఆ గీతే లేదు. ఎదుటి బొమ్మని స్టేజీ బయటికి తోసేయాలి, అంతే. తల మీద గట్టిగా దెబ్బలు పడితే బొమ్మ కాసేపు స్పృహ తప్పుతుంది. ఆ కొద్ది సెకన్లలో దాన్ని ఈడ్చుకెళ్లి కిందకి విసిరేయాలి. ఈలోపు దానికి మెలకువ వస్తే మళ్లీ మొదటికే.

కంట్రోల్స్‌లో ఒక తమాషా ఉంది. ఎడమ బటన్ ఎడమ చేతికి, కుడి బటన్ కుడి చేతికి. నొక్కి వదిలితే గుద్దు, నొక్కి పట్టుకుంటే పట్టు. రెండు చేతులతో పట్టుకుంటే ఎదుటివాడిని తల మీదకి ఎత్తొచ్చు. అంచు నుంచి జారిపోయినా ఒక్క చెయ్యి గోడకి దొరికితే చాలు, వేలాడుతూ మళ్లీ పైకి ఎగబాకొచ్చు. వినడానికి ఈజీగానే ఉంది కదా? చేసేటప్పుడు మాత్రం చెయ్యి ఒకటి తలిస్తే కాలు ఒకటి తలుస్తుంది.

ఎవరికి వాళ్లు కొట్టుకునే మోడ్‌తో పాటు, జట్లుగా విడిపోయి ఆడే మోడ్, అందరూ ఒక్కటై కంప్యూటర్ శత్రువులతో తలపడే మోడ్, ఫుట్‌బాల్ మోడ్ కూడా ఉన్నాయి. కోడి డ్రెస్సు లాంటి కామెడీ కాస్ట్యూమ్స్ అదనం.

ఎవరు చేశారు? ఎప్పుడొచ్చింది?

దీన్ని తయారుచేసింది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌కి చెందిన ‘బోన్‌లోఫ్’ అనే చిన్న స్టూడియో. 2014 ఆగస్టులో స్టీమ్‌లో ‘ఎర్లీ యాక్సెస్’ కింద వచ్చింది. అంటే గేమ్ ఇంకా పూర్తి కాలేదు, అయినా కొనుక్కుని ఆడుతూ ఉండండి, మేం మెరుగుపరుస్తూ ఉంటాం అని అన్నమాట. అలా మూడేళ్లకి పైగా నడిచి, 2017 డిసెంబర్‌లో పీసీ, ప్లేస్టేషన్ 4లో పూర్తి గేమ్‌గా విడుదలైంది. 2019లో ఎక్స్‌బాక్స్ వన్‌కి, 2021లో నింటెండో స్విచ్‌కి వచ్చింది. మొదట్లో ‘సైకోనాట్స్’ గేమ్ తీసిన అమెరికా కంపెనీ డబుల్ ఫైన్ దీన్ని పబ్లిష్ చేసింది. తర్వాత ఆ బాధ్యత బోన్‌లోఫ్ తనే తీసుకుంది.

పూర్తి కాకముందే ఈ గేమ్ వీడియోలు యూట్యూబ్‌లో బాగా తిరిగాయి. కారణం కనిపెట్టడం కష్టమేం కాదు. ఈ గేమ్ చూడ్డానికి రూల్స్ తెలియక్కర్లేదు. ఎవరు పడిపోతున్నారో కనిపిస్తే చాలు.

బొమ్మ అలా ఎందుకు తూలుతుంది?

అసలు పాయింట్ ఇక్కడుంది. మామూలు గేమ్‌లో హీరో పరిగెడుతున్నాడంటే, అది ముందే తయారుచేసి పెట్టిన యానిమేషన్. ఒక ఆర్టిస్ట్ ఆ పరుగుని ఫ్రేమ్ బై ఫ్రేమ్ గీసి పెట్టాడు, లేదా ఒక నటుడి కదలికల్ని రికార్డ్ చేసి పెట్టారు. మీరు బటన్ నొక్కగానే ఆ క్లిప్ ప్లే అవుతుంది. వందసార్లు నొక్కినా ఒకటే పరుగు, ఒకటే గుద్దు.

గ్యాంగ్ బీస్ట్స్‌లో అలా కాదు. బొమ్మ శరీరాన్ని తల, మొండెం, భుజం, మోచేయి, తొడ, పిక్క.. ఇలా విడివిడి ముక్కలుగా చేస్తారు. ఒక్కో ముక్కకి బరువు ఉంటుంది. వాటిని కీళ్లతో కలుపుతారు. ఇక గురుత్వాకర్షణ, రాపిడి, ఢీకొట్టడం.. అన్నీ ఆ ముక్కల మీద లెక్క ప్రకారం పని చేస్తాయి. ఇలాంటి శరీరాన్నే గేమ్ భాషలో ‘రాగ్‌డాల్’ అంటారు. మన భాషలో గుడ్డ బొమ్మ.

కానీ గుడ్డ బొమ్మని నిలబెడితే ఏమవుతుంది? కుప్పకూలిపోతుంది. అందుకే కీళ్ల దగ్గర కనిపించని మోటార్ల లాంటివి పెడతారు. ‘నిటారుగా ఉండు, కాలు ముందుకెయ్యి, చెయ్యి పైకెత్తు’ అని అవి ముక్కల్ని ఎప్పటికప్పుడు లాగుతూ ఉంటాయి. దీన్ని ‘యాక్టివ్ రాగ్‌డాల్’ అంటారు. మీరు బటన్ నొక్కినప్పుడు చెయ్యి నేరుగా కదలదు. చేతిని అటువైపు లాగమని మోటార్‌కి ఆర్డర్ వెళ్తుంది. ఆ లాగుడు సరిపోతుందా లేదా అన్నది అప్పటి పరిస్థితి మీద ఆధారపడుతుంది. ఎదురుగా గోడ ఉంటే చెయ్యి ఆగిపోతుంది. ఎవరైనా మీ నడుము పట్టుకుని వెనక్కి లాగుతుంటే గుద్దు సగంలోనే తేలిపోతుంది.

మోటార్ల బలం పెంచితే బొమ్మ రోబోలా బిగుసుకుపోతుంది. తగ్గిస్తే నేలకి అతుక్కుపోతుంది. ఆ రెండింటికీ మధ్య, పడీ పడనట్టు, నిలబడీ నిలబడనట్టు ఉండే ఒక స్థితి ఉంది. తూలుడు అక్కడే పుడుతుంది. అంటే ఆ తూలుడు ప్రోగ్రామర్ చేసిన తప్పు కాదు, కావాలని పెట్టిన ట్యూనింగ్.

ఒకసారి జరిగింది మళ్లీ ఎందుకు జరగదు?

ఈ గేమ్‌ని యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌తో చేశారు. యూనిటీలో మామూలుగా ఉండే సెట్టింగ్ ప్రకారం ఫిజిక్స్ లెక్క సెకనుకి 50 సార్లు జరుగుతుంది. అంటే ప్రతి 0.02 సెకన్లకి ఒకసారి ఏ ముక్క ఎక్కడుంది, ఎంత వేగంగా పోతోంది, దేన్ని తాకింది అని మళ్లీ లెక్కేస్తుంది. ఒక దశలో వచ్చిన ఫలితమే తర్వాతి దశకి మొదలు.

ఇప్పుడు ఒక చిన్న తేడా వచ్చిందనుకోండి. మీరు నిన్నటికంటే ఒక్క అడుగు వెంట్రుకవాసి పక్కకి వేశారు. చెయ్యి ఎదుటివాడి భుజానికి బదులు మెడకి దొరికింది. అక్కడి నుంచి కథ మొత్తం వేరే దారి పడుతుంది. 50 దశలు దాటేసరికి, అంటే ఒక్క సెకనులోనే, నిన్న గెలిచిన మీరు ఇవాళ కింద ఉంటారు.

సైన్స్‌లో దీనికి ఒక పేరుంది.. ‘కేయాస్’. 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త కంప్యూటర్‌లో వాతావరణ లెక్కల్ని రెండోసారి నడిపాడు. కంప్యూటర్ లోపల 0.506127 అని ఉన్న అంకెని, ప్రింటులో కనిపించినట్టు 0.506 అని కొట్టాడు. అంత చిన్న తేడాకే కొంతసేపటికి వాతావరణం అంతా వేరేలా వచ్చింది. రూల్స్ అవే, లెక్క అదే. కానీ మొదట్లోని పిసరంత తేడా చివరికి కొండంత అయింది. లోలకానికి ఇంకో లోలకం వేలాడదీసి వదిలినా ఇదే జరుగుతుంది, రెండుసార్లు ఒకేలా ఊగదు. గ్యాంగ్ బీస్ట్స్ బొమ్మ చేతులూ కాళ్లూ అలా ఒకదానికొకటి వేలాడే లోలకాలే. అలాంటి నాలుగు బొమ్మలు ఒకదాన్నొకటి పట్టుకుంటే ఏం జరుగుతుందో ఎవరు చెప్పగలరు?

దీనివల్ల ఆటలో ఒక మంచి జరుగుతుంది. రోజూ ఆడేవాడికి, ఇవాళే కంట్రోలర్ పట్టుకున్నవాడికి మధ్య తేడా బాగా తగ్గుతుంది. మామూలు ఫైటింగ్ గేమ్‌లో కొత్తవాడు పది రౌండ్లు ఆడితే పదీ ఓడిపోతాడు, కాసేపటికి బోర్ కొట్టి లేచిపోతాడు. ఇక్కడ ఏం చేస్తున్నాడో తనకే తెలీని పిన్ని, తొమ్మిదో తరగతి కొడుకుని లారీ మీద నుంచి తోసేసే ఛాన్స్ నిజంగా ఉంటుంది. అలాగని అంతా లక్ కూడా కాదు. ఎప్పుడు పట్టుకోవాలి, ఎప్పుడు వదలాలి అన్నది ఆడే కొద్దీ వస్తుంది.

ఈ గుడ్డ బొమ్మల చరిత్ర పాతదే

రాగ్‌డాల్‌ని గ్యాంగ్ బీస్ట్స్ కనిపెట్టలేదు. 1998లో వచ్చిన ‘జురాసిక్ పార్క్: ట్రెస్‌పాసర్’ ఈ తరహా ఫిజిక్స్‌ని వాడిన తొలి గేమ్‌లలో ఒకటి. 2000లో డెన్మార్క్ స్టూడియో ఐవో ఇంటరాక్టివ్ తీసిన ‘హిట్‌మ్యాన్: కోడ్‌నేమ్ 47’లో శవాలు మెట్ల మీద నిజంగానే పడినట్టు పడేవి. 2004లో వచ్చిన ‘హాఫ్ లైఫ్ 2’ తర్వాత ఈ టెక్నిక్ చాలా గేమ్‌లకి మామూలైపోయింది. కానీ అప్పట్లో రాగ్‌డాల్ అంటే ప్రధానంగా చనిపోయినవాళ్లకే. బతికున్న హీరో మాత్రం యానిమేషన్ మీదే నడిచేవాడు.

ఆటగాడి శరీరాన్నే గుడ్డ బొమ్మ చేస్తే ఎలా ఉంటుంది? 2008లో బెన్నెట్ ఫాడీ అనే ఆస్ట్రేలియన్ చేసిన ‘క్వాప్’ అనే చిన్న బ్రౌజర్ గేమ్ ఈ ప్రశ్నతో జనాన్ని ఏడిపించి నవ్వించింది. అందులో ఒలింపిక్ రన్నర్ తొడలకి రెండు కీలు, పిక్కలకి రెండు కీలు. 100 మీటర్లు పరిగెత్తడం కాదు, రెండడుగులు వేయడమే గగనం. 2014లో ‘ఆక్టోడాడ్: డాడ్లీయెస్ట్ క్యాచ్’, ‘గోట్ సిమ్యులేటర్’ వచ్చాయి. గ్యాంగ్ బీస్ట్స్ ఎర్లీ యాక్సెస్ కూడా అదే ఏడాది. ఒంటరిగా ఆడితే చిరాకు పెట్టే ఆ తడబాటుని నలుగురి మధ్యలో పెడితే నవ్వుగా మారుతుందన్నది దీని ఐడియా.

పడిపోతే నవ్వెందుకొస్తుంది?

ఎవరైనా నిజంగా మేడ మీద నుంచి పడితే మనం నవ్వం, పరిగెత్తుకెళ్తాం. అదే సినిమాలో కమెడియన్ అరటితొక్క మీద జారితే నవ్వుతాం. ఎందుకు? 2010లో పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ అనే పరిశోధకులు ఒక వివరణ ఇచ్చారు. ‘ఏదో తప్పు జరుగుతోంది’ అన్న భావన, ‘అయినా ఎవరికీ ఏం కాదు’ అన్న భావన.. ఈ రెండూ ఒకేసారి కలిగినప్పుడు నవ్వు వస్తుందన్నారు. మొదటిది మాత్రమే ఉంటే భయం. రెండోది మాత్రమే ఉంటే బోర్.

ఈ గేమ్‌లో ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. బొమ్మలు మైనంతో చేసినట్టు మెత్తగా ఉంటాయి. పడినా తర్వాతి రౌండ్‌లో మళ్లీ లేస్తాయి. పైగా పడిపోయింది మీ పక్కనే కూర్చున్న బావమరిది. వాడి మొహం చూడాలి కదా! ఆ మొహం కనిపించకపోతే సగం నవ్వు పోయినట్టే.

ఒకే గది, ఒకే స్క్రీన్.. ఎందుకు తగ్గింది?

ఒకప్పుడు గేమ్ అంటే ఒకే టీవీకి రెండు కంట్రోలర్లు. క్యాసెట్ గేమ్‌ల కాలంలో పెరిగినవాళ్లకి ‘ఇప్పుడు నా టర్న్’ అన్న గొడవ గుర్తుండే ఉంటుంది. ఆ పద్ధతి పెద్ద గేమ్‌లలో నెమ్మదిగా తగ్గింది. దీనికి రెండు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది టెక్నికల్. స్క్రీన్‌ని రెండు ముక్కలు చేస్తే ఒకే మెషీన్ రెండు వేర్వేరు దృశ్యాలు గీయాలి. గ్రాఫిక్స్ భారీ అయ్యే కొద్దీ అది కష్టమైంది. ఒకే గదిలో ఆడుకోవడానికి పేరున్న ‘హేలో’ సిరీస్‌నే తీసుకోండి. 2015లో వచ్చిన ‘హేలో 5’లో స్ప్లిట్ స్క్రీన్ తీసేశారు. అభిమానులు గోల చేశారు. ‘హేలో ఇన్ఫినిట్’లో కథని ఒకే టీవీ మీద ఇద్దరు కలిసి ఆడే ఫీచర్ ఇస్తామని చెప్పి, 2022లో దాన్ని కూడా రద్దు చేశారు.

రెండోది వ్యాపారం. నలుగురు ఒకే ఇంట్లో ఆడితే అమ్ముడయ్యేది ఒక్క కాపీ. నలుగురూ నాలుగు ఇళ్లలో ఆన్‌లైన్‌లో ఆడితే నాలుగు కాపీలు. ఏది లాభమో చెప్పక్కర్లేదు.

గ్యాంగ్ బీస్ట్స్ మొదటి సమస్యని తెలివిగా దాటేసింది. స్క్రీన్‌ని ముక్కలు చేయకుండా, అందర్నీ ఒకే చిన్న స్టేజీ మీద పెట్టి, ఒకే కెమెరాతో చూపించింది. గ్రాఫిక్స్ కూడా సాదాసీదా. 2016లో వచ్చిన వంట గేమ్ ‘ఓవర్‌కుక్డ్’ కూడా ఇలాగే ఒకే వంటగదిని అందరికీ చూపిస్తుంది. ఒకే స్క్రీన్ ఆటని పెద్ద కంపెనీలు పక్కన పెడుతున్న టైమ్‌లో దాన్ని బతికించింది ఎక్కువగా ఇలాంటి చిన్న టీమ్‌లే.

మరి ఆన్‌లైన్‌లో ఆడలేమా?

ఆడొచ్చు. గ్యాంగ్ బీస్ట్స్‌లో ఆన్‌లైన్ కూడా ఉంది, 8 మంది వరకూ ఆడొచ్చు. కానీ ఇలాంటి గేమ్‌కి ఆన్‌లైన్ అంటే మామూలు తలనొప్పి కాదు.

హైదరాబాద్‌లో ఉన్న అన్న, అమెరికాలోని డాలస్‌లో ఉన్న తమ్ముడు ఆడుతున్నారనుకుందాం. సిగ్నల్ వెళ్లి రావడానికి సెకనులో ఐదో వంతు పట్టిందనుకుందాం. చదరంగానికి అది లెక్కలోకే రాదు. కానీ సెకనుకి 50 ఫిజిక్స్ లెక్కలు జరిగే చోట, ఐదో వంతు అంటే 10 లెక్కలు ఆలస్యం. ఇద్దరి మెషీన్లూ విడివిడిగా లెక్కేసుకుంటే, పైన చెప్పుకున్నాం కదా, పిసరంత తేడా కొండంత అవుతుంది. అన్న స్క్రీన్‌లో అన్న గెలుస్తాడు, తమ్ముడి స్క్రీన్‌లో తమ్ముడు గెలుస్తాడు. అందుకే ఎవరో ఒకరి లెక్కే ఫైనల్ అని పెట్టుకుని, మిగతావాళ్ల బొమ్మల్ని దానికి తగ్గట్టు ఎప్పటికప్పుడు సర్దాలి. నెట్ బాగోకపోతే బొమ్మలు గెంతినట్టు, పట్టు జారినట్టు అనిపించేది ఈ సర్దుబాట్ల వల్లే. పక్కపక్కన కూర్చుని ఆడితే ఈ గొడవే ఉండదు. ఒకే మెషీన్, ఒకే లెక్క.

దూరంగా ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది. స్టీమ్‌లో ‘రిమోట్ ప్లే టుగెదర్’ అనే ఫీచర్ 2019లో వచ్చింది. గేమ్ ఒకరి కంప్యూటర్‌లోనే నడుస్తుంది. ఆ స్క్రీన్ మిగతావాళ్లకి లైవ్ వీడియోలా వెళ్తుంది, వాళ్ల బటన్లు వెనక్కి వస్తాయి. కాబట్టి గేమ్ ఒక్కరు కొంటే సరిపోతుంది. 2021 నుంచి లింక్ పంపితే ఎదుటివాళ్లు ఫోన్‌లో స్టీమ్ లింక్ యాప్‌తో కూడా చేరొచ్చు. ఆలస్యం మాత్రం తప్పదు, నెట్ స్పీడుని బట్టి ఉంటుంది. ఏ గేమ్‌కి ఈ ఫీచర్ ఉందో దాని స్టోర్ పేజీలోనే రాసి ఉంటుంది.

ఫోన్‌లో డౌన్‌లోడ్ చేయొచ్చా? ఇక్కడే జాగ్రత్త!

రీల్ చూడగానే చాలామంది చేసే పని, గేమ్ పేరు పక్కన ‘ఏపీకే’ అని కొట్టి వెతకడం. ఇది డేంజర్. గ్యాంగ్ బీస్ట్స్ విడుదలైంది పీసీకి, కన్సోల్స్‌కి. అదే పేరుతో, అదే లోగోతో ఎక్కడో ఒక వెబ్‌సైట్‌లో ఫైల్ కనిపించిందంటే దాన్ని నమ్మకపోవడమే మంచిది. స్టోర్ బయట నుంచి దింపే ఫైల్‌లో ఏముందో మనకి తెలీదు. ఒక గేమ్‌కి మీ మెసేజ్‌లు చదివే పర్మిషన్, కాంటాక్ట్స్, యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఎందుకు? అడిగిందంటే అనుమానించాల్సిందే. ఓటీపీలు వచ్చే ఫోన్, యూపీఐ ఉన్న ఫోన్ పిల్లల చేతిలో ఉన్నప్పుడు ఇంకా జాగ్రత్త. యాప్ స్టోర్‌లో కనిపించినా సరే, డెవలపర్ పేరు బోన్‌లోఫ్ అని ఉందో లేదో చూడండి. అలా లేకపోతే అది వేరే ఎవరిదో.

ఫోన్‌లోనే ఇలాంటిది ఆడాలనుంటే అసలైన దారి ఒకటుంది. ‘హ్యూమన్: ఫాల్ ఫ్లాట్’. దీన్ని లిథువేనియాకి చెందిన టోమస్ సకలౌస్కస్ తన ‘నో బ్రేక్స్ గేమ్స్’ తరఫున చేశాడు. 2016 జులైలో పీసీకి వచ్చింది. ఆండ్రాయిడ్, ఐఫోన్‌లకి 2019లో వచ్చింది. 2021 నాటికే 2.5 కోట్ల కాపీలు దాటినట్టు ప్రకటించారు. ఇందులో కొట్టుకోవడం ఉండదు. బాబ్ అనే తెల్ల బొమ్మ కలల్లో తిరుగుతూ తలుపులు తెరవాలి, బండలు లాగాలి, గోడలు ఎక్కాలి. తూలుడు మాత్రం సేమ్ టు సేమ్. స్నేహితులతో కలిసి ఆన్‌లైన్‌లో ఆడొచ్చు.

ఇంకో కన్ఫ్యూజన్ కూడా క్లియర్ చేసుకుందాం. రీల్‌లో కొట్టుకునేది బొచ్చు కుక్కపిల్లలు, పిల్లులు అయితే అది గ్యాంగ్ బీస్ట్స్ కాదు, ‘పార్టీ యానిమల్స్’. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన చైనా గేమ్. గుంపులు గుంపులుగా అడ్డంకులు దాటుతూ పరిగెత్తే గుండ్రటి బొమ్మలైతే అది 2020లో వచ్చిన ‘ఫాల్ గైస్’.

ఇంట్లో ఆడాలంటే ఏం కావాలి?

కన్సోల్ కానీ, గేమ్స్ నడిచే కంప్యూటర్ కానీ ఉండాలి. మనిషికొక కంట్రోలర్ కావాలి. అసలు ఖర్చు ఇక్కడే, కాబట్టి కొనే ముందు ఫ్రెండ్స్ దగ్గర ఎన్ని ఉన్నాయో కనుక్కోండి. సంక్రాంతికి, వేసవి సెలవులకి అందరూ కలిసినప్పుడు తలా ఒకటి తెచ్చుకుంటే పని అయిపోతుంది. కంప్యూటర్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపితే అందరికీ కనిపిస్తుంది. కొత్త టీవీల్లో ‘గేమ్ మోడ్’ ఉంటుంది, అది ఆన్ చేస్తే బటన్‌కి, బొమ్మకి మధ్య ఆలస్యం తగ్గుతుంది. ధరలు సేల్‌ని బట్టి మారుతూ ఉంటాయి, తొందరపడి కొనక్కర్లేదు.

ఆడేటప్పుడు పనికొచ్చే చిట్కాలు కొన్ని:

- గుద్దడం కన్నా పట్టుకోవడం ముఖ్యం. ఎదుటివాడిని గట్టిగా పట్టుకుంటే వాడు పడేటప్పుడు మీరూ పడతారు, గుర్తుంచుకోండి. సరైన క్షణంలో వదిలేయాలి.
- అంచు దగ్గర ఉంటే ఒక చేతితో గోడనో, కడ్డీనో పట్టుకుని ఉండండి. రెండో చెయ్యి పోట్లాటకి చాలు.
- ఇద్దరు కొట్టుకుంటుంటే మధ్యలోకి దూరకండి. అలిసిపోయి అంచుకి వచ్చాక ఒక్క తోపు చాలు.
- ఎవరు గెలిచారో కాదు, ఓడినవాళ్లు కంట్రోలర్ పక్కవాళ్లకి ఇచ్చేలా రూల్ పెట్టుకుంటే నాలుగు కంట్రోలర్లతో పది మంది ఆడొచ్చు.

తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది

ఇది కొట్టుకునే గేమే. కార్టూన్ తరహాలో ఉన్నా, మంటల్లోకి, రైలు కిందకి తోసేయడం ఇందులో ఉంటుంది. చిన్నపిల్లలకి ఇచ్చే ముందు స్టోర్ పేజీలో వయసు రేటింగ్ చూడండి, ఒకటి రెండు రౌండ్లు మీరే కూర్చుని ఆడండి. ఆ తర్వాత ఒక్క మాట చెప్పడం మర్చిపోవద్దు. బొమ్మ పడితే మళ్లీ లేస్తుంది, మనిషి లేవడు. డాబా మీద, మెట్ల దగ్గర, కదిలే బండి మీద ఈ తోపులాట సరదాకి కూడా వద్దు. పెద్దవాళ్లకి ఇది చెప్పక్కర్లేని సంగతి అనిపించొచ్చు. ఆరేళ్ల పిల్లాడికి చెప్పాలి.

ఇంకో డౌట్ కూడా వస్తుంది. ‘గేమ్‌లు బ్యాన్ చేశారు కదా, ఇది ఆడొచ్చా?’ అని. 2025 ఆగస్టులో పార్లమెంట్ ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు పెట్టి, డబ్బు గెలుచుకోవడానికి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లని. ఒకసారి కొనుక్కుని ఇంట్లో సరదాగా ఆడుకునే గ్యాంగ్ బీస్ట్స్ లాంటివి ఆ కోవలోకి రావు. ఇందులో పందెం లేదు, గెలిస్తే వచ్చేది కూడా ఏమీ లేదు.

చివరగా ఒక మాట. ఇంట్లో నలుగురు ఉంటే నాలుగు ఫోన్లు, నాలుగు ఇయర్‌ఫోన్లు, నాలుగు వేర్వేరు రీల్స్.. ఇప్పుడు చాలా ఇళ్లలో సాయంత్రం ఇలాగే గడుస్తోంది. దాన్ని ఒక గేమ్ మార్చేస్తుందని చెప్పలేం. కానీ ఒకే స్క్రీన్ వైపు అందర్నీ తిప్పే ఆటలు తక్కువే ఉన్నాయి. వాటిలో కూడా ఆట రానివాళ్లని ఏడిపించకుండా నవ్వించేవి ఇంకా తక్కువ. అది గ్యాంగ్ బీస్టే కానక్కర్లేదు, క్యారమ్ బోర్డైనా, అష్టాచెమ్మా అయినా పర్లేదు. ఈ ఆదివారం ఫోన్లు పక్కన పెట్టి ఒక రౌండ్ వేసి చూడండి.